భిలాయి పాత స్టేడియానికి వీపు తిరిగొచ్చిన రోజు

నేను ఆ మార్చి నెలలో భిలాయి వెళ్ళింది చుట్టపు చూపుకి కాదు. అంతకు ముందటేడు అక్కడ నేనొక మాట అన్నాను. ఆ మాట పట్టుకుని రెండు వందల మంది ఏడాది పాటు చెమటోడ్చారు. అది ఏమైందో కళ్ళారా చూసుకోవాలని వెళ్ళాను. తొంభైల మధ్యలో సంగతి ఇది. అప్పటికి భిలాయి ఇంకా మధ్యప్రదేశ్‌లోనే ఉంది. నేను విశాఖపట్నం రైల్వేలో ఫిట్టర్ని. బడిలో చదివింది ఏడో తరగతి. తెలుగు నాకు పట్టుబడింది బైబిలు వాక్యం చదివే. చొక్కా జేబులో చిన్న గ్రంథం ఎప్పుడూ ఉంటుంది. పిలిచిన చోటికి వెళ్ళి బోధిస్తాను, జీతం లేదు, పట్టా లేదు. గొంతు మాత్రం మైకు అక్కర్లేనంత ఇచ్చాడు దేవుడు.

మా అక్క తనకు నచ్చిన అప్పలస్వామిని చేసుకుని భిలాయి వెళ్ళిపోయింది. బావ ఏటా సింహాచలం కొండకు వస్తాడు, అక్క ఆదివారం ప్రార్థనకు వెళ్తుంది, ఇంట్లో ఇంతవరకు దీని మీద గొడవ లేదు. అక్కడి ఉక్కు ప్లాంటులో రైలు పట్టాలు తయారయ్యే మిల్లులో ముప్ఫై ఏళ్ళు చేశాడు బావ. పట్టా చివర వంగి, ఒక కన్ను మూసి, వంకర ఉందో లేదో చెప్పడం ఆయన పని. యంత్రం ఔనన్న పట్టాని కూడా ఆయన కాదన్న రోజులున్నాయి. రిటైరయ్యాక ఆ కన్ను ఖాళీగా ఉండలేకపోయింది. ప్లాంటు ఉద్యోగులుండే సెక్టార్ల మధ్య, ప్లాంటు తొలినాళ్ళలో కట్టిన ఫుట్‌బాల్ స్టేడియం ఒకటి పాడుబడి ఉంది. గ్యాలరీ మెట్లు పగిలాయి, మేకలు మేస్తున్నాయి, మైదానం మధ్యలో అడుగున్నర ఎత్తున ఉబ్బు. రిటైరైనవాళ్ళంతా సాయంత్రాలు ఆ మెట్ల మీద చేరి ఒకటే వాదన. జాతీయ స్థాయి పోటీలు ఈ ఊరికి రావాలంటే కొత్త స్టేడియం అడగాలా, ఉన్నదాన్ని బాగుచేస్తే చాలా?

ముందటేడు ఎండల్లో నేను వెళ్ళినప్పుడు ఆ వాదన నా చెవిన పడింది. ఊరుకోగలనా? మెట్టెక్కి నిలబడ్డాను. యెరూషలేము గోడలు కూలి కాలి ఉంటే, రాజు కొత్త పట్టణం కట్టిస్తాడని ఎవరూ కూర్చోలేదని చెప్పాను. ఎవడి ఇంటి ఎదుటి గోడ వాడు లేపాడు, యాభై రెండు రోజుల్లో పని పూర్తయిందని చెప్పాను. అంతటితో ఆగితే బాగుండేది. మిట్టలన్నీ అణగాలి, పల్లాలన్నీ పూడాలి, కరుకు నేల చదును కావాలి అన్న ప్రవక్త మాట కూడా ఎత్తి, చెయ్యి చాపి మైదానం మధ్యలోని ఉబ్బును చూపించాను. చప్పట్లు కొట్టారు. ఒక్కడు కొట్టలేదు. ఉతై అనే పల్లె నుంచి రోజూ సైకిల్ మీద వచ్చి గడ్డి కోసే మాలి బిసాహు. ఆ ఉబ్బు జోలికి పోవద్దని ఏదో చెప్పబోయాడు. నా గొంతు ముందు ఆయన గొంతు ఎంత? విననే లేదు.

మళ్ళీ ఫిబ్రవరి చివర్లో బావ రాసిన ఇన్‌లాండ్ కవరు వచ్చింది. పోటీలు నడిపే సంఘం నుంచి స్టేడియం చూడటానికి మనుషులు వస్తున్నారట, శుక్రవారం పదకొండు గంటలకి. 'నువ్వు చెప్పినట్టే చేసినాం. రా, చూసుకో' అని రాశాడు. సెలవు పెట్టేశాను.

వెళ్ళాలనుకునేవాళ్ళకి దారి చెబుతాను. విశాఖ నుంచి విజయనగరం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రాయపూర్ వెళ్ళే బండి సాయంత్రం ఎక్కితే తెల్లారేసరికి రాయపూర్‌లో దిగుతారు. నాకు రైల్వే పాసు ఉంది. లేనివాళ్ళు స్లీపర్ ముందుగా చేయించుకోండి. రాయగడ దాటాక కొండల్లో బండి నెమ్మదిస్తుంది, చలి కాకపోయినా దుప్పటి ఉంచుకోవాలి. రాయపూర్‌లో దుర్గ్ వైపు లోకల్ పట్టుకుని, ఆరు రూపాయల టిక్కెట్టుతో, ముప్పావు గంటలో పవర్ హౌస్‌లో దిగాను. భిలాయి పేరుతో ఉన్న స్టేషన్లు ఒకటి కంటే ఎక్కువ. సెక్టార్లకు వెళ్ళేవాళ్ళకి పవర్ హౌసే సుళువు. ఏడున్నరైంది. స్టేషన్ బయట ఒక అమ్మ బియ్యప్పిండి చీలాలు పెనం మీద పోస్తోంది. మన అట్టులాంటిదే, పచ్చిమిరప టమాటా చట్నీతో రెండు తింటే మధ్యాహ్నం దాకా ఆకలి ఉండదు. రెండూ కలిపి మూడు రూపాయలు. స్టేడియానికి దారి అడిగితే గరిటె పైకెత్తి ఆటోల వైపు చూపించి, మైదానం బాగైంది గానీ దాని చుట్టూ తిరిగే ముసలాళ్ళు చిక్కిపోయారని నవ్వింది.

నేనెక్కిన ఆటో నడిపే రాజు భిలాయిలోనే పుట్టాడు. శ్రీకాకుళం నుంచి వచ్చిన కార్మికుడి కొడుకు, ముప్ఫై ఏళ్ళుంటాయి. తెలుగు మొదలుపెట్టి హిందీలో దిగుతాడు. పాత స్టేడియం అనగానే అద్దంలోంచి నన్ను చూశాడు.

"మా బాపు కూడా అక్కడే ఉంటాడంకుల్, సుబే సే శామ్ తక్, పొద్దస్తమానం. ఇంట్లో కుర్చీ కాలు విరిగితే చూడడు గానీ అక్కడ సిమెంటు కలుపుతాడు. అమ్మ అంటాది, ఆ గ్యాలరీకే అన్నం పెట్టమను అని."

"పోటీలు వస్తాయంటావా?"

"పురానా ఇంటికి రంగేస్తే నయా అవుద్దా? పెద్ద మేచ్‌లు పెద్ద ఊళ్ళకే పోతాయి. బాపుకి చెప్పకండేం."

నాకు మండింది. దావీదు కొండలాంటి శత్రువుని కొట్టింది కొత్త కత్తితో కాదు, వాగులో దొరికిన రాయితో అని దారి పొడుగునా చెప్పాను. దిగేటప్పుడు అయిదు రూపాయలు ఇవ్వాల్సిందానికి నాలుగే తీసుకున్నాడు. బోధకు రాయితీ అన్నాడు.

ఇక స్టేడియం సంగతి. ప్రయాణాల్లో నేను చాలా కట్టడాలు చూశాను, కోటలు చూశాను, వాటిలో ఏదీ నా గుండెను ఇలా పొంగించలేదు. ఒక్కో సెక్టారు వాళ్ళు గ్యాలరీలో ఒక్కో ముక్క పంచుకున్నారు. ఏ ముక్క ఏ సెక్టారుదో మెట్టు అంచున రంగుతో రాసి ఉంది, పని చెడితే ఎవర్ని తిట్టాలో తెలియడానికి. పైకప్పు స్తంభాలు తుక్కుగా తోసేసిన పట్టా ముక్కలు, అనుమతి తీసుకుని తెచ్చి నిలబెట్టినవి. ఆటగాళ్ళ గదుల్లో నీళ్ళు వస్తున్నాయి. గోల్ స్తంభాలు తెల్లగా మెరుస్తున్నాయి. మైదానం? పచ్చగా, పళ్ళెం అడుగులా చదును. ఎక్కడా ఉబ్బు లేదు. ఆ మట్టి అంతా తవ్వి తూర్పు గ్యాలరీ వెనక గుట్టగా పోశారు.

బావ గోల్ లైను దగ్గర బోర్లా పడుకుని, గడ్డికి చెంప ఆనించి, ఒక కన్ను మూసి చూస్తున్నాడు. నన్ను చూసి లేవలేదు.

"ఏటోయ్ పాదిరీ, వచ్చీసినావా. ఇలా పడుకో. ఆ చివర దాకా చూడు. ఈ మూల నుంచి ఆ మూలకి వెంట్రుక వాసి తేడా వస్తే నా పేరు అప్పలస్వామి కాదు."

నేనూ ఇస్త్రీ చొక్కాతోనే పడుకుని చూశాను. నిజమే, రేక పరిచినట్టు ఉంది. నా మాట నేలలోకి దిగి ఇలా చదునైందని గర్వపడ్డాను. దాచను, పడ్డాను. అప్పుడే బిసాహు కొడవలితో పక్కనుంచి వెళ్తూ నాకు నమస్కారం పెట్టి, బావ వైపు చూడకుండా వెళ్ళిపోయాడు. ఉబ్బు తవ్విన నాటి నుంచి, ఆరు నెలలుగా ఇద్దరికీ మాటల్లేవని అక్క ముందే ఉత్తరంలో రాసింది.

పదకొండుకి జీపు వచ్చింది. పరిశీలనకు వచ్చిన పెద్దమనిషి ఘోష్ బాబు, కలకత్తా మనిషి. ఒకప్పుడు ఆడినవాడేనని మోకాలి నడకలో తెలుస్తోంది. వెంట రాసుకునే గుమాస్తా ఒకడు. ఇద్దరూ సాయంత్రం నాలుగున్నరకి దుర్గ్‌లో రైలెక్కాలి. ఘోష్ బాబు గ్యాలరీ మెట్లన్నీ ఎక్కి దిగాడు, కుళాయిలు తిప్పాడు, గోల్ స్తంభాలకు టేపు పెట్టాడు. ప్రతిసారీ తల ఊపుతుంటే మా వాళ్ళ ముఖాలు వెలిగిపోతున్నాయి. ఎండకి టోపీ తీసి విసురుకుంటూ ఆయన చివరికి ఒక్కటే అడిగాడు. పోటీలు అక్టోబరులో, వాన పూర్తిగా వదలని నెల. ఒక ట్యాంకరు నీళ్ళు తెప్పించండి, మైదానం నడుమ వదలండి.

మొక్కలకు నీళ్ళు పోసే ట్యాంకరు పావుగంటలో వచ్చింది. గొట్టం వదిలారు. నీళ్ళు పరుచుకున్నాయి. పరుచుకుని అక్కడే నిలబడ్డాయి. ఎటూ కదల్లేదు. పది నిమిషాలు చూశాం, పావుగంట చూశాం. ఆకాశం అందులో కనబడుతోంది. ఘోష్ బాబు బూటు ముందుకు వేస్తే మడమ దాకా దిగింది.

ఆయన కోప్పడలేదు. బావ భుజం మీద చెయ్యి వేసి హిందీలో అన్నాడు: "దాదా, మీరు పట్టా వేశారు. ఇంత తిన్నటి పని నేనెక్కడా చూడలేదు. కానీ నాకు మైదానం కావాలి." మైదానానికి నడుమ నుంచి అంచులకి వాలు ఉండాలని, అది లేకపోతే ఒక్క వాన పడినా ఆట ఆగిపోతుందని, ఆటలు ఇక్కడికి రాయలేనని చెప్పాడు. గుమాస్తా కలం తీశాడు.

ముప్ఫై ఏళ్ళు వంకర పట్టిన బావ కన్ను ఆ నీళ్ళనే చూస్తోంది. మెట్ల మీద గుసగుసలు మొదలయ్యాయి. కొత్తది అడుగుదామంటే విన్నారా అని ఒకడు గొణిగాడు, రాజు వాళ్ళ నాన్న అయితే నెత్తి మీద తువ్వాలు ముఖానికి లాక్కుని కూర్చున్నాడు. ఏడాది వాళ్ళ బతుకు అది. ఆ గుమాస్తా కలం ఒక్క గీత గీస్తే మేకలు మళ్ళీ వస్తాయి.

చదువుతున్న మీకు చెబుతున్నాను, బోధించేవాడికి అన్నిటికంటే కష్టమైన మెట్టు ఏదో తెలుసా? ఎక్కింది దిగడం. నేను జేబులో గ్రంథం మీద చెయ్యి పెట్టుకుని, నిరుడు నిలబడిన ఆ మెట్టు మీదే నిలబడ్డాను. తప్పు అప్పలస్వామిది కాదు, నాది అన్నాను. మిట్టలు అణగాలన్న మాట ప్రభువు నడిచి వచ్చే దారి గురించి రాసింది. వాన దిగే నేల గురించి కాదు. చదవడం వచ్చినవాణ్ణి, అర్థం చూడకుండా ఊపులో వాడేశాను. చెప్పబోయినవాణ్ణి గొంతుతో తొక్కేశాను. తర్వాత దిగి వెళ్ళి, అంచున కూర్చున్న బిసాహు ముందు చేతులు జోడించి, ఆ రోజు ఏం చెప్పబోయావో ఇప్పుడు చెప్పు అన్నాను.

బిసాహు బీడీ ఆర్పేశాడు. ఈ మైదానం వేసినప్పుడు తను కూలివాడు. ఆ మట్టి ఉతై దగ్గర పొలాల నుంచి వచ్చింది, తట్టలతో మోశాడు. నేలకి కూడా ఎద్దుకి ఉన్నట్టు వీపు ఉంటుంది, నీళ్ళు వీపు మీద నిలవవు, ఇటో అటో జారతాయి అన్నాడు. పాతవాళ్ళు ఆ ఉబ్బు కావాలనే పెట్టారట. మీరు బాగుచేసే పేరుతో దాని వీపు కోసేశారు అన్నాడు. గట్టిగా అనలేదు. అయినా అందరికీ వినబడింది.

బావ ఆయన దగ్గరికి వెళ్ళాడు. ఆరు నెలల తర్వాత మొదటి మాట.

"మట్టి అక్కడే ఉంది భయ్యా. ఎలా వెయ్యాలో నువ్ చెప్పు. నాను నీ మాట దాటను."

బిసాహు ఆయన్ని ఎగాదిగా చూసి, ముందు ఆ కళ్ళు రెండూ తెరువు అన్నాడు. మెట్ల మీద మొదటిసారి నవ్వు వచ్చింది.

బావ ఘోష్ బాబు వైపు తిరిగి, ఎన్నింటి దాకా ఉంటారని అడిగాడు. మూడున్నర దాకా అన్నాడాయన. మైదానం మొత్తం అప్పటికి కాదని మాకు తెలుసు. నడుమ నుంచి అంచు కాలువ దాకా ఒక లారీ పట్టేంత వెడల్పు పట్టీ వేసి చూపిస్తాం, నీళ్ళు పోతే మిగతాది వానల్లోపు చేస్తామని నమ్మండి, పోకపోతే మీ కలం మీ ఇష్టం అన్నాడు బావ. ఘోష్ బాబు గడియారం చూసుకుని, భోజనం ఇక్కడికే తెప్పించమన్నాడు.

అప్పటికి పన్నెండు దాటింది. ఉన్నది పాతిక మంది, అందరూ అరవై దాటినవాళ్ళు. నిలిచిన నీళ్ళని బకెట్లతో తోడి, గడ్డి పలకలుగా కోసి పక్కన పెట్టి, గుట్ట తవ్వడం మొదలుపెట్టాం. నేను తట్ట ఎత్తుకున్నాను. రెండు గంటలకి సగం కూడా కాలేదు. అప్పుడు బావకి గుర్తొచ్చింది, పొద్దుటి షిఫ్టు వదిలే వేళ. బాపుకి అన్నం తెచ్చి అక్కడే ఆగిపోయిన రాజుని ఆటోలో ప్లాంటు గేటు దగ్గరికి తోలాడు. ఏం చెప్పమన్నారని రాజు అడిగితే, ముసలాళ్ళు తట్టలు మోస్తున్నారని చెప్పు చాలు అన్నాడు.

సైరన్ ఇక్కడికి వినబడింది. పది నిమిషాలకి సైకిళ్ళ గంటలు. ఆ దృశ్యం ఎలా చెప్పను? ఎనిమిది గంటలు కొలిమి ముందు నిలబడి వచ్చినవాళ్ళు, నీలం చొక్కాల మీద ఉప్పు గీతలు, టిఫిన్ డబ్బాలు హ్యాండిల్‌కి వేలాడుతుండగా, వందకు పైగా వచ్చారు. తెలుగువాళ్ళు, బిహారీలు, ఛత్తీస్‌గఢీలు, మలయాళీలు. ఎవరూ ఉపన్యాసం అడగలేదు. గుట్ట నుంచి మైదానం దాకా రెండు వరుసలు కట్టి తట్టలు చేతులు మార్చారు. కొలిమి చల్లారకుండా ఒక షిఫ్టు చేతిలోంచి ఇంకో షిఫ్టు పని అందుకోవడం వాళ్ళకి రక్తంలో ఉంది. బిసాహు దారం పట్టి ఇక్కడ పొయ్యి, అక్కడ తియ్యి అంటుంటే, బావ మళ్ళీ బోర్లా పడుకుని కన్ను మూసి చూస్తూ, వాలు తప్పిన చోటల్లా కేకేశాడు. తిన్నదనం చూసిన కన్నే, ఇప్పుడు వంపు చూస్తోంది. రోలరు లాగడానికి ఇరవై మంది. పట్టీకి రెండు పక్కలా చిన్న గట్లు పోశాడు బిసాహు, పొలంలో పోసినట్టే.

మూడుంబావుకి రెండో ట్యాంకరు. గొట్టం వదిలారు. నీళ్ళు ఒక క్షణం తటపటాయించినట్టు ఆగాయి. తర్వాత ఎర్రగా, బురదగా, వంపు పట్టుకుని నడిచాయి. నూటయాభై మంది గుడ్లప్పగించి వాటి వెంట నడిచారు. అంచు కాలువలో పడ్డ చప్పుడు వినగానే రాజు వాళ్ళ నాన్న తువ్వాలు గాల్లోకి విసిరాడు. నేను హల్లెలూయ అన్నాను, పక్కన ఎవరో జై బజరంగబలీ అన్నారు, రెండూ ఒకేసారి పైకి వెళ్ళాయి.

ఘోష్ బాబు నీళ్ళు పోయిన దారిలో నడిచి చూశాడు. ఒక్క పట్టీ చూసి మొత్తం మైదానానికి సంతకం పెట్టలేనని నిజాయితీగానే చెప్పాడు. ఫైనల్ ఇక్కడికి రాదు, దీపాలున్న స్టేడియంలోనే పెట్టాలి. కానీ మిగతా మైదానం వానల్లోపు ఇలాగే చేస్తే లీగు ఆటలు, ఒక సెమీ ఫైనల్ ఇక్కడే అని గుమాస్తాతో మా ముందే రాయించాడు. జీపు ఎక్కబోతూ, కొత్త స్టేడియాలు చాలా చూస్తాను, వాటికి మనుషులుండరు అని ఒక మాట అన్నాడు. రాజు తన ఆటో జీపు వెనకే నడిపి తిరుగు బండికి నన్నూ దుర్గ్‌లో దింపాడు. ఈసారి ఒక్క రూపాయి తీసుకోలేదు. రంగేస్తే నయా కాదంకుల్, గానీ మట్టేస్తే అవుద్ది అన్నాడు.

ఆ అక్టోబరులో మళ్ళీ వెళ్ళాను. సెమీ ఫైనల్ పొద్దున గంటసేపు వాన కొట్టింది. ఆట చెప్పిన సమయానికే మొదలైంది. గ్యాలరీలో కాలు పెట్టే చోటు లేదు. ముందు వరసలో రెండు కుర్చీలు వేశారు, ఒకటి అప్పలస్వామికి, ఒకటి బిసాహుకి. బిసాహు కుర్చీలో కూర్చోలేదు. ఆట మొత్తం గీత పక్కన గొంతుక్కూర్చుని గడ్డినే చూశాడు. పాత స్టేడియం బాగుచేస్తే పెద్ద ఆటలు వస్తాయా అని నన్నడిగితే, వస్తాయని ఏ వేదిక మీదైనా నిలబడి చెబుతాను. ఫైనల్ కూడా వస్తుంది. కానీ పాతదాన్ని కొత్తగా చెయ్యడమంటే మనకు నచ్చనిదల్లా చెక్కేయడం కాదు. దాన్ని మొదట కట్టినవాడికి ఏదో తెలిసి ఉంటుంది, తీసేముందు ఆగి అడగాలి. అప్పటి నుంచి నా ప్రసంగాలు కొంచెం పొట్టివయ్యాయి. మధ్యలో ఎవరైనా చెయ్యెత్తితే ఆగుతున్నాను.

వెళ్ళేవాళ్ళకి ఒక్క సలహా. పవర్ హౌస్‌లో దిగి పొద్దున్నే స్టేడియానికి వెళ్ళండి, వాన వెలిసిన మర్నాడైతే ఇంకా మంచిది. గేటు దగ్గర తాళం ఉంటే కంగారుపడకండి. గడ్డి కోసే మనిషి ఎక్కడని అడగండి, తాళంచెవి ఆయన దగ్గరే ఉంటుంది. లోపలికి వెళ్ళేముందు చెప్పులు విప్పండి, నడుమ నుంచి అంచుకి నడవండి. ఆ వంపు కంటికి కనబడదు, పాదానికి తెలుస్తుంది.